ఉమ్మడి ఆస్తి నుంచి చట్టప్రకారం విడిపోవడం: వాటా లెక్క నుంచి మ్యుటేషన్ దాకా

ఉమ్మడి ఆస్తి పంచుకుందాం అనుకోగానే చాలా ఇళ్లలో మొదట చేసే పని టేపు పట్టుకుని స్థలం కొలవడం. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు తేలాల్సింది ఎవరెవరికి హక్కుంది, ఎంత హక్కుంది అన్నది. అది తేలకుండా ఎంత బాగా దస్తావేజు రాయించినా, లెక్కలోంచి జారిపోయిన ఒక్క వాటాదారు పదేళ్ల తర్వాత కోర్టుకెక్కితే పంపకం మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ వ్యాసంలో కొలతల గురించి తక్కువ, మనుషుల లెక్క గురించి ఎక్కువ ఉంటుంది.

ఇక్కడ చెప్పేది భారతదేశంలోని చట్టం, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పని జరిగే తీరు. ఉదాహరణలు ఎక్కువగా హిందూ కుటుంబాలవి, ఎందుకంటే చిక్కుముడులు ఎక్కువ అక్కడే.

మొదటి అడుగు: అది ఏ రకం ఉమ్మడి?

"మాది ఉమ్మడి ఆస్తి" అనే మాట కింద కనీసం మూడు వేర్వేరు పరిస్థితులుంటాయి, మూడింటికీ లెక్క వేరు.

ఒకటి, పిత్రార్జితం, అంటే ఉమ్మడి కుటుంబ ఆస్తి. ఇందులో పిల్లలకి పుట్టుకతోనే హక్కు వస్తుంది, తండ్రి బతికుండగానే పంచమని అడగొచ్చు.

రెండు, తండ్రో తల్లో సొంతంగా సంపాదించి, వీలునామా రాయకుండా పోతే వారసులకి వచ్చిన ఆస్తి. హిందూ వారసత్వ చట్టం 1956లోని సెక్షన్ 19 ప్రకారం వారసులు దీన్ని ఎవరి వాటా వారిదిగా తీసుకుంటారు, కాకపోతే గోడ కట్టి ఉండదు అంతే. ఆ తండ్రి బతికున్నంత కాలం మాత్రం పిల్లలు "నా వాటా ఇవ్వు" అనడానికి లేదు.

మూడు, కలిసి కొన్నది. భార్యాభర్తలు కొన్న ఫ్లాటు, ఇద్దరు స్నేహితులు కొన్న ప్లాటు, అన్నదమ్ములు డబ్బులేసుకుని కొన్న పొలం. దస్తావేజులో వాటాలు రాసి ఉంటే అవే. రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం 1882 సెక్షన్ 45 ప్రకారం ఎవరు ఎంత డబ్బు పెట్టారో ఆ నిష్పత్తిలో, అది కూడా తేలకపోతే సమానంగా. కాబట్టి పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది: "తాత ఆస్తి కాబట్టి మనవడికి పుట్టుకతో హక్కు" అని. తాత సొంతంగా సంపాదించి, 1956 తర్వాత వీలునామా లేకుండా చనిపోయి ఉంటే, ఆయన కొడుక్కి వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుంది. మనవడికి అందులో పుట్టుక హక్కు ఉండదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అయినా పల్లెల్లో, పట్నాల్లో పెద్దమనుషుల పంచాయితీల్లో ఇప్పటికీ "తాత ఆస్తి" అన్న ఒక్క మాట మీద గంటలు గడుస్తాయి. పాత దస్తావేజు తీసి, ఆస్తి ఆ తాతకి ఎలా వచ్చిందో చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ముస్లిం కుటుంబాల్లో పుట్టుక హక్కు, ఉమ్మడి కుటుంబం అన్న ఏర్పాటే లేదు. మనిషి పోయిన క్షణంలో వారసులకి షరియత్ ప్రకారం నిర్ణీత వాటాలు వచ్చేస్తాయి. క్రైస్తవులకి భారత వారసత్వ చట్టం 1925 వర్తిస్తుంది. వాటాల లెక్క మారుతుంది గానీ, కింద చెప్పే దస్తావేజు, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (ప్రభుత్వ రికార్డుల్లో పేరు మార్పించడం) పని అందరికీ దాదాపు ఒకటే.

రెండో అడుగు: వాటాదారుల జాబితా రాయండి, ఎవర్నీ వదలకండి

ఒక తెల్ల కాగితం మీద వంశవృక్షం వేయండి. పోయినవాళ్ల పేర్లు కూడా ఉండాలి, పక్కన చనిపోయిన తేదీతో సహా. ఆ తేదీలే లెక్కని మారుస్తాయి.

ఆడపిల్లల సంగతి ముందు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న వాదన చాన్నాళ్లు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో అక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. పెళ్లయిందా లేదా అన్నది కూడా అనవసరం. మన దగ్గరైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఈ హక్కు ఇచ్చింది. ముఖ్యమైన మినహాయింపు: 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పంపకం జరిగి ఉంటే దాన్ని కదపరు. "కట్నం ఇచ్చాం కదా" అన్నది చట్టంలో వాటాకి సమాధానం కాదు. చెల్లెలు నిజంగానే వద్దనుకుంటే ఆమె చేత హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి. నోటి మాటగా "నాకొద్దన్నయ్యా" అన్నది రేపు ఆమె పిల్లలు అడిగితే నిలబడదు.

లెక్క ఎలా మారుతుందో చూడండి. తండ్రి 2015లో వీలునామా లేకుండా పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఆస్తి ఆయన స్వార్జితమైతే నలుగురికీ తలా నాలుగో వంతు. అదే పిత్రార్జితమైతే, ముందు తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు అని నలుగురికి పంచినట్టు లెక్కేస్తారు. తండ్రికి వచ్చిన నాలుగో వంతుని మళ్లీ భార్య, ముగ్గురు పిల్లలకి పంచుతారు. అంటే పిల్లలకి తలా 16లో 5 వంతులు, తల్లికి 16లో 1 వంతు. తేడా ఎంత ఉందో చూశారుగా, మొదటి అడుగు అంత ముఖ్యం అన్నది అందుకే.

ఇక సాధారణంగా మరిచిపోయేవాళ్లు. చనిపోయిన వ్యక్తి తల్లి, అంటే నానమ్మ, అప్పటికి బతికి ఉంటే ఆవిడ కూడా మొదటి తరగతి వారసురాలే, అంటే భార్యాపిల్లలతో సమానంగా వాటా వచ్చే మనిషే. తండ్రి కంటే ముందే పోయిన కొడుకు ఉంటే అతని భార్యకీ పిల్లలకీ కలిపి అతని వాటా. ముందే పోయిన కూతురైతే ఆమె పిల్లలకి. అల్లుడికి నేరుగా ఏమీ రాదు. కానీ కూతురు తండ్రి తర్వాత పోయి ఉంటే కథ మారుతుంది, ఆమె వాటా అప్పటికే ఆమెకి చేరిపోయింది కాబట్టి, ఆమెకి పిల్లలుంటే వాళ్లతోపాటు భర్త కూడా వారసుల్లో ఉంటాడు. అందుకే తేదీలు రాయమన్నది.

మైనర్లు ఉంటే ఆగి ఆలోచించండి. ఉమ్మడి కుటుంబ పంపకంలో మైనర్ తరఫున సంరక్షకుడు సంతకం పెట్టొచ్చు, కానీ ఆ పంపకం మైనర్‌కి నష్టం చేసేలా ఉంటే మేజర్ అయ్యాక దాన్ని తిరగదోడే హక్కు ఉంటుంది. మైనర్ సొంత వాటాని అమ్మాలన్నా విడుదల చేయాలన్నా మాత్రం హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 సెక్షన్ 8 ప్రకారం ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. తల్లి సంతకం చాలదు.

మూడో అడుగు: కాగితాలు

లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), వీలైనంత పాత తేదీ నుంచి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), మరణ ధ్రువపత్రాలు, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రశీదులు, పొలమైతే పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్ లేదా పహాణీ (ఇవి రెవెన్యూ శాఖ భూమి రికార్డులు), సర్వే పటం. వీలునామా ఉందేమో ఇంట్లో ఒకసారి గట్టిగా వెతకండి, పంపకం అయ్యాక బీరువాలోంచి బయటపడితే టెన్షన్ అంతా ఇంతా కాదు.

తర్వాత మూడు విషయాలు చూడాలి. బ్యాంకులో తాకట్టు ఉందా (ఉంటే బ్యాంకు అనుమతి పత్రం లేకుండా ముందుకెళ్లొద్దు), ఆస్తి మీద ఏదైనా కేసు నడుస్తోందా, సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందా. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు, చలానా కట్టాక రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలుస్తుంది.

నాలుగో అడుగు: సరైన దస్తావేజు ఎంచుకోండి

అందరూ ఒప్పుకున్నారు అనుకుందాం. ఇప్పుడు ఏ కాగితం రాసుకోవాలి? ఇక్కడ డాక్యుమెంట్ రైటర్ చెప్పిందే వేదం అనుకోకండి, ఒక్కోసారి స్టాంపు డ్యూటీ తక్కువ పడుతుందని తప్పు రకం దస్తావేజు రాసేస్తారు.

ప్రతి ఒక్కరికీ ఆస్తిలో ఏదో ఒక ముక్క వస్తుంటే భాగపరిష్కార దస్తావేజు, అంటే పార్టిషన్ డీడ్. ఉన్న వాటాలని విడదీసుకోవడమే తప్ప కొత్తగా ఎవరూ ఎవరికీ ఇచ్చేది లేదు. ముక్కలు సరిగ్గా సమానంగా రాకపోతే ఎక్కువ తీసుకున్నవాళ్లు మిగతావాళ్లకి తేడా సొమ్ము ఇవ్వొచ్చు, అది ఎంతో, ఎలా చెల్లించారో దస్తావేజులోనే రాయాలి.

ఒకరో ఇద్దరో పూర్తిగా తప్పుకుంటుంటే, డబ్బు తీసుకునైనా తీసుకోకుండానైనా, హక్కు విడుదల దస్తావేజు. ఇది సహ యజమానుల మధ్యే చెల్లుతుంది, ఆస్తిలో వాటా లేని బయటివాళ్ల పేరు మీద విడుదల రాయడం కుదరదు. ఇంకో మెలిక: నలుగురు వాటాదారుల్లో ఒకరు తన హక్కుని మిగతా ముగ్గురికీ కలిపి కాకుండా ఒక్కరికే వదులుకుంటానంటే, దాన్ని అమ్మకంగానో దానంగానో చూసి ఆ రేటు కట్టమనే అవకాశం ఉంది. ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రాయించండి.

ప్రేమతో ఇచ్చేదైతే దాన దస్తావేజు లేదా సెటిల్‌మెంట్. దానానికి రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు తప్పనిసరి, పుచ్చుకునేవాళ్లు ఇచ్చేవాళ్లు బతికుండగానే స్వీకరించాలి. అమ్మ తన వాటా కొడుక్కి రాసిస్తుంటే, "ఆమె పోషణ చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. అప్పుడే అతను చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ఆ దస్తావేజు రద్దు చేయమని అడగడం సులువవుతుంది. ఇది కొడుకు మీద అనుమానం కాదు, అమ్మకి భద్రత.

ఫ్లాటు సంగతి వేరు. దాన్ని గీత గీసి పంచలేం, కింద నేలలో ఉన్న అవిభక్త వాటాని కూడా విడగొట్టలేం. కాబట్టి ఒకరు మిగతావాళ్ల వాటాలు కొనుక్కోవడం, లేదా అందరూ కలిసి బయటివాళ్లకి అమ్మేసి డబ్బు పంచుకోవడం, ఈ రెండే దారులు. హోమ్ లోన్ ఉంటే ఇంకొంచెం జాగ్రత్త: దస్తావేజులో మీ హక్కు వదులుకున్నంత మాత్రాన లోన్‌లో సహ రుణగ్రహీతగా మీ బాధ్యత పోదు. ఇల్లు పోయి ఈఎంఐ బాధ్యత మాత్రం మిగిలిపోయే పరిస్థితి ఇదే. విడిపోతున్న భార్యాభర్తలు ముందు బ్యాంకుతో మాట్లాడి లోన్ ఒకరి పేరుకి మార్పించుకుని, ఆ తర్వాతే విడుదల దస్తావేజు రాసుకోవాలి.

"మేం ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అనేవాళ్ల కోసం

నోటి పంపకం హిందూ కుటుంబాల్లో చెల్లదని కాదు. చెల్లుతుంది. చిక్కంతా దాన్ని కాగితం మీద పెట్టే పద్ధతిలో ఉంది. "ఫలానా తేదీన పెద్దమనుషుల సమక్షంలో పంచుకున్నాం, ఎవరి భాగం వాళ్లు అనుభవిస్తున్నాం, జ్ఞాపకార్థం ఇప్పుడు రాసుకుంటున్నాం" అని గతంలో జరిగినదాన్ని నమోదు చేస్తే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "ఈ కాగితం ద్వారా ఇప్పుడు పంచుకుంటున్నాం" అని రాస్తే అదే పంపక దస్తావేజు అయిపోతుంది, వంద రూపాయలు దాటిన స్థిరాస్తి కాబట్టి రిజిస్ట్రేషన్ చట్టం 1908 సెక్షన్ 17 కింద రిజిస్ట్రేషన్ తప్పదు. చేయించకపోతే కోర్టులో హక్కు రుజువుకి పనికిరాదు. స్టాంపు డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా పడగల పెనాల్టీ కట్టుకుంటే "విడిపోయారు" అన్న పక్క విషయాన్ని చూపడానికి మాత్రం వాడుకోవచ్చు, అంతకుమించి లాభం లేదు.

పాలు పంపకాల జాబితా అని తెల్లకాగితం మీద రాసి అందరి సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. దాని వయసు ఎంతైనా, ఆ భాష ఏ కాలంలో ఉందో ఒకసారి ప్లీడరుకి చూపించండి. పైగా కూతుళ్ల హక్కుకి అడ్డంగా నోటి పంపకాన్ని కోర్టులు మామూలుగా ఒప్పుకోవు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ పంపకం ఎప్పుడో ఎక్కి ఉండటం లాంటి బలమైన ఆధారం ఉంటే తప్ప. నా సలహా ఒకటే, అందరూ మాట్లాడుకునే స్థితిలో ఉన్నప్పుడే రిజిస్టర్ చేయించుకోండి. వచ్చే తరంలో సంతకాలు పెట్టాల్సినవాళ్లు ఇరవై మంది అవుతారు.

ఐదో అడుగు: దస్తావేజులో ఏం రాయాలి

ఆస్తి ఎలా వచ్చింది, ఎవరెవరు వాటాదారులు, ఎవరి వాటా ఎంత అన్నది ముందు. తర్వాత మొత్తం ఆస్తికి ఒక షెడ్యూలు, ఒక్కొక్కరికి వచ్చిన భాగానికి ఏ, బి, సి షెడ్యూళ్లు. ప్రతి షెడ్యూలుకీ విస్తీర్ణం, సర్వే నంబరు లేదా డోర్ నంబరు, నాలుగు వైపులా హద్దులు. కొలతలతో ప్లాను గీయించి అందరూ సంతకాలు చేసి జత చేయండి. "తూర్పు వైపు సగం" లాంటి మాటలు వద్దు, సగం ఎక్కడ మొదలవుతుందో ఆ ప్లానులో కనపడాలి.

పంపకాల తర్వాత గొడవలు వచ్చేది విస్తీర్ణం మీద కంటే దారి మీదా నీళ్ల మీదా ఎక్కువ. వెనక భాగం వచ్చినవాళ్లు ఎటు నుంచి వెళ్లాలి, ఆ దారి వెడల్పు ఎన్ని అడుగులు, ట్రాక్టరు పడుతుందా, ఆ దారి నేల ఎవరిది, రిపేరు ఎవరు చేయించాలి అన్నవన్నీ రాయండి. బోరు ఒకరి భాగంలో ఉండి ముగ్గురికీ నీళ్లు కావాలంటే వంతులు, కరెంటు బిల్లు, మోటారు కాలిపోతే ఖర్చు ఎవరిది, బోరు ఎండిపోతే ఏంటి అన్నది కూడా. ఇంట్లో అయితే మెట్లు, డాబా, మురుగు పైపులు, ఉమ్మడి గోడ, మీటరు. ఇవన్నీ చిన్న విషయాల్లా అనిపిస్తాయి, సంతకాల రోజు "మనమధ్య ఇవేంటి" అని ఎవరో ఒకరు అంటారు కూడా. అయినా రాయండి.

ఇంకా నాలుగు సంగతులు: ఉన్న అప్పులు ఎవరు తీర్చాలి, తల్లిదండ్రుల పోషణ ఎవరిది, ఒకరికి వచ్చిన భాగం మీద బయటివాళ్లు హక్కు రుజువు చేసుకుంటే మిగతావాళ్లు ఎలా సర్దాలి, ఇప్పుడు గుర్తుకురాని ఆస్తి తర్వాత బయటపడితే ఏ వాటాల్లో పంచుకోవాలి. పాత ఒరిజినల్ దస్తావేజులు ఎవరి దగ్గర ఉండాలో, మిగతావాళ్లు అడిగినప్పుడు చూపాలన్న షరతూ ఉండాలి. పంపక దస్తావేజుకి అదనపు కాపీలు, అంటే డూప్లికేట్లు, అప్పుడే రిజిస్టర్ చేయించుకుంటే తలా ఒకటి ఉంటుంది.

ఖాళీ ప్లాటుని ముక్కలు చేస్తుంటే, ఆ ముక్కకి ఇల్లు కట్టుకోవడానికి అనుమతి వస్తుందో లేదో మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ముందే కనుక్కోండి. కాగితం మీద మీదే అయినా ప్లాను పాస్ కాని ముక్కతో ఏం చేస్తారు?

ఆరో అడుగు: రిజిస్ట్రేషన్

ఆస్తి ఉన్న ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే తహసీల్దార్ దగ్గర. అక్కడ ఇదివరకు ధరణి పోర్టల్ ద్వారా జరిగేది, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. సంతకాలు పెట్టిన తేదీ నుంచి 4 నెలల్లోగా దస్తావేజు దాఖలు చేయాలి. తప్పనిసరి కారణం వల్ల ఆలస్యమైతే జరిమానాతో ఇంకో 4 నెలలు, ఆ తర్వాత మళ్లీ రాసుకోవాల్సిందే.

స్టాంపు డ్యూటీ లెక్కలో పార్టిషన్‌కి ఒక వెసులుబాటు ఉంది: విడగొట్టిన వాటాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని పక్కన పెట్టి మిగతావాటి విలువ మీదే డ్యూటీ. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి ఒక రేటు, ఇతరులతో కలిసి కొన్నదానికి ఇంకో రేటు. రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి, అందుకే ఇక్కడ అంకెలు ఇవ్వట్లేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో కాలిక్యులేటర్ ఉంటుంది, వెళ్లే ముందు రోజు చూసుకోండి.

అందరూ స్వయంగా రావాలి, ఫోటో, వేలిముద్ర తీసుకుంటారు. మంచం మీద ఉన్న పెద్దవాళ్లుంటే తగిన కారణం చూపి దరఖాస్తు పెడితే అధికారే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది (సెక్షన్ 31). విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇండియాకి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. పవర్ ఇచ్చేటప్పుడు "అన్ని ఆస్తులూ, అన్ని పనులూ" అని కాకుండా ఈ ఆస్తి, ఈ పంపకం, ఈ వాటా అని కుదించి రాయండి.

పన్ను గురించి ఒక మాట. ఉన్న వాటాలని విడదీసుకోవడం అమ్మకం కాదు కాబట్టి మామూలుగా దాని మీద కేపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) రాదు. డబ్బు తీసుకుని వాటా వదులుకుంటే మాత్రం ఆ ప్రశ్న వస్తుంది, సంతకానికి ముందే ఆడిటర్‌ని అడగండి. హిందూ అవిభక్త కుటుంబంగా పన్ను కడుతున్నవాళ్లు కొంత ఆస్తిని మాత్రమే పంచుకుంటే, 1978 డిసెంబరు 31 తర్వాతి పాక్షిక పంపకాలని పన్ను శాఖ గుర్తించదని తెలుసుకోవాలి.

ఏడో అడుగు: మ్యుటేషన్

రిజిస్ట్రేషన్ అయిపోగానే స్వీట్లు పంచేసి మిగతాది మరిచిపోతారు. పొలానికి సర్వేయరు చేత సబ్ డివిజన్ చేయించి, కొత్త సబ్ డివిజన్ నంబరుతో మీ పేరు మీద పాసుపుస్తకం తెచ్చుకోవాలి. ఇంటికి పన్ను అసెస్‌మెంట్ విడగొట్టించాలి, కరెంటు, నీళ్ల కనెక్షన్ పేరు మార్పించాలి. కొత్తగా ఈసీ తీసి మీ దస్తావేజు అందులో కనిపిస్తోందో లేదో చూసుకోండి. అయితే మ్యుటేషన్ హక్కుని పుట్టించదు. అన్న పేరు మీద మాత్రమే పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన తమ్ముడి వాటా పోదు, అది గుర్తుంటే రెవెన్యూ ఆఫీసులో భయపెట్టేవాళ్ల మాటలకి కంగారు పడరు.

ఒప్పుకోకపోతే

ముందు ప్లీడరు నోటీసు. పార్టిషన్ దావాకి ఇది తప్పనిసరి కాదు, కానీ మీరు వాటా అడిగారని, వాళ్లు కాదన్నారని తేదీతో రికార్డు అవుతుంది. అదే సమయంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టొచ్చు, దావా వేయకముందే. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మధ్యవర్తి దగ్గర కూర్చోవడం పరువు తక్కువ అనుకునే కుటుంబాలు ఆ తర్వాత కోర్టు వరండాలో ఏళ్ల తరబడి నిలబడతాయి.

వాటా అమ్మేసి బయటపడదాం అనుకుంటే? విడగొట్టని వాటాని అమ్మే హక్కు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 44 ఇస్తుంది, కానీ కుటుంబ నివాస గృహంలో వాటా కొన్న బయటివాడికి వచ్చి అందులో కాపురం ఉండే హక్కు లేదు. అతను పార్టిషన్ దావా వేస్తే, పార్టిషన్ చట్టం 1893 సెక్షన్ 4 కింద ఇంట్లోవాళ్లు ఆ వాటాని కోర్టు కట్టిన విలువకి కొనేసుకోవచ్చు. వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే మొదటి తరగతి వారసులకి ముందు కొనుక్కునే హక్కు కూడా ఉంది, పొలానికి కూడా ఇది వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని చిక్కులున్న వాటాకి మంచి ధర ఎవరిస్తారు?

దావా వేయాల్సిందే అయితే, ఆస్తి ఉన్న చోటి సివిల్ కోర్టులో. వాటాదారులందర్నీ పార్టీలుగా చేర్చాలి, ఉమ్మడి ఆస్తులన్నీ చూపాలి. మీకు నచ్చిన ఒక్క పొలానికే వేస్తే పాక్షిక పంపకం అన్న అభ్యంతరంతో దావా పడిపోవచ్చు. మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు ఫీజు నామమాత్రం, బయటికి నెట్టేసి ఉంటే వాటా విలువని బట్టి. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల కాలపరిమితి నడుస్తుంది, కాబట్టి "నీకేం లేదు పో" అని ఎవరైనా రాతపూర్వకంగా అంటే ఆ తేదీ దాచుకోండి. ఆస్తి అమ్మేస్తారన్న భయం ఉంటే దావాతోపాటే ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) అడగండి. అది రాకపోయినా, కేసు నడుస్తుండగా కొన్నవాళ్లు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 కింద తీర్పుకి కట్టుబడాల్సిందే.

కోర్టు రెండు మెట్లలో తేలుస్తుంది. ప్రిలిమినరీ డిక్రీలో ఎవరి వాటా ఎంతో ప్రకటిస్తుంది. ఫైనల్ డిక్రీలో నేల మీద గీత పడుతుంది: కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ వచ్చి కొలిచి, ఎవరు ఎక్కడ ఉంటున్నారో, ఎవరు ఎక్కడ కట్టుకున్నారో చూసి రిపోర్టు ఇస్తారు. శిస్తు కట్టే వ్యవసాయ భూమి అయితే ఈ పని కలెక్టరుకి వెళ్తుంది. ప్రిలిమినరీ డిక్రీ రాగానే గెలిచాం అనుకుని ఇంటికెళ్లి కూర్చున్న కేసులు లెక్కలేనన్ని. ఇప్పుడు 2022 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం వేరే దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా ట్రయల్ కోర్టే ఫైనల్ డిక్రీ విచారణకి తేదీ వేయాలి, వేయకపోతే మీ ప్లీడరు గుర్తుచేయాలి.

పంచడానికి వీల్లేని ఆస్తి అయితే, కనీసం సగం వాటా ఉన్నవాళ్లు అడిగితే పార్టిషన్ చట్టం సెక్షన్ 2 కింద కోర్టు అమ్మించి డబ్బు పంచగలదు. అప్పుడు మిగతా వాటాదారులు సెక్షన్ 3 కింద "మేమే కొంటాం" అని ముందుకు రావొచ్చు, కోర్టు విలువ కట్టించి ముందు వాళ్లకే అవకాశమిస్తుంది. చిన్న ఇళ్ల విషయంలో ఎక్కువగా ఇక్కడే రాజీ కుదురుతుంది, ఎందుకంటే వేలంలో వచ్చే ధర ఎవరికీ నచ్చదు. రాజీ డిక్రీ తీసుకుంటే అందులో దావాలో లేని ఆస్తిని ఇరికించకండి, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాల్సి వస్తుంది.

ఫైనల్ డిక్రీ వచ్చాక దాన్ని స్టాంపు పేపర్ల మీద రాయించుకోవాలి, చట్టం దృష్టిలో అది కూడా పంపక దస్తావేజే. డబ్బులు సర్దుబాటు కాలేదని స్టాంపులు దాఖలు చేయడం సాగదీస్తే మీకే నష్టం: డిక్రీ అమలుకి ఉన్న 12 ఏళ్ల గడువు స్టాంపు పేపరు తేదీ నుంచి కాదు, డిక్రీ తేదీ నుంచే లెక్క. స్వాధీనం తీసుకుని, సర్టిఫైడ్ కాపీతో తహసీల్దార్ ఆఫీసుకో మున్సిపాలిటీకో వెళ్లి మ్యుటేషన్ పెట్టుకోండి.